మీడియా ప్రొడక్షన్ డిగ్రీ: ఇంటర్ పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి డిగ్రీ సీట్లు నిండేదాకా నా ఫోన్‌కి వచ్చే ప్రశ్నల్లో సగం ఇవే. డిగ్రీ పిల్లలకు ఎడిటింగ్, సౌండ్ చెప్పడం నా పని కాబట్టి తెలిసినవాళ్లు, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో చదవాలనుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. ఫీజులు, తేదీలు ఏటా మారతాయి, వాటికి ఆ ఏడాది నోటిఫికేషనే చూడండి.

మీడియా ప్రొడక్షన్ అంటే జర్నలిజమేనా?

రెండూ దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు. ఏది వార్త, దాన్ని ఎలా సేకరించాలి, ఎలా రాయాలి అన్నది జర్నలిజం. ఒక షార్ట్ ఫిల్మో, డాక్యుమెంటరీయో, రేడియో నాటికో, టీవీ షోనో కాగితం మీద ఆలోచనగా మొదలై చూసేవాళ్ల దగ్గరికి చేరేదాకా జరిగే పనంతా ప్రొడక్షన్. స్క్రిప్టు, బడ్జెట్, షెడ్యూల్, కెమెరా, లైటింగ్, సౌండ్, ఎడిటింగ్, గ్రాఫిక్స్ అన్నీ ఇందులోకి వస్తాయి.

మన దగ్గర సరిగ్గా ఈ పేరుతో ఉన్న డిగ్రీలు తక్కువ. ఎక్కువగా కనిపించేది బి.ఎ.లో మాస్ కమ్యూనికేషన్. అల్వాల్‌లోని లొయోలా అకాడమీ, బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కాలేజీ లాంటి చోట్ల ఇది ఉంది. రెండోది విజువల్ కమ్యూనికేషన్. పిల్లలు విస్‌కామ్ అంటారు. దీనికి తమిళనాడులో గిరాకీ ఎక్కువ, చిత్తూరు, నెల్లూరు వైపు పిల్లలు దీనికోసం చెన్నై వెళ్తుంటారు. మూడోది బి.ఎఫ్.ఎ., నాలుగేళ్లు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ, యానిమేషన్ లాంటివి ఈ డిగ్రీ కిందే ఉన్నాయి. ఇవికాక సినిమా స్టూడియోలు, ప్రైవేటు సంస్థలు పెట్టిన ఫిల్మ్ స్కూళ్లు ఉన్నాయి. అన్నపూర్ణ స్టూడియోస్ వాళ్లు 2011లో మొదలుపెట్టిన కాలేజీ అలాంటిదే.

పేరు చూసి చేరొద్దు. "మాస్ కమ్యూనికేషన్" బోర్డు పెట్టుకుని మూడేళ్లూ సిద్ధాంతాలు మాత్రమే చెప్పే కోర్సులున్నాయి, అదే బోర్డు కింద రెండో సెమిస్టర్‌కే పిల్లల చేత డాక్యుమెంటరీ తీయించే కోర్సులూ ఉన్నాయి. సిలబస్ తెప్పించుకుని, ప్రతి సెమిస్టర్‌లో ప్రాక్టికల్‌కి ఎన్ని క్రెడిట్లు ఇచ్చారో లెక్క చూడండి.

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివి ఉండాలి?

డిగ్రీ వరకు చాలా కోర్సులకు ఏ గ్రూపైనా పర్వాలేదు. సీఈసీ, హెచ్ఈసీ, బైపీసీ, ఎంపీసీ అందరూ వస్తారు. ఇంజనీరింగ్ సీటు నచ్చక వచ్చే ఎంపీసీ పిల్లలు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. వాళ్లకొక లాభం ఉంది. పుణేలోని ఎఫ్‌టిఐఐలో (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా) సౌండ్ రికార్డింగ్ పీజీకి ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్ చదివి ఉండాలని అర్హతల్లో పెట్టారు. సౌండ్ వైపు ఆసక్తి ఉంటే ఇది ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. డిగ్రీ అయ్యాక తెలిస్తే వెనక్కి వెళ్లి ఫిజిక్స్ చదవలేరు కదా.

సీటు ఎలా వస్తుంది? ప్రవేశ పరీక్ష ఉంటుందా?

తెలంగాణలో మామూలు డిగ్రీ సీట్లు చాలావరకు 2016 నుంచి దోస్త్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారానే. ఇంటర్ మార్కులే ఆధారం, వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం తెలిస్తే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి నడిపే ఆన్‌లైన్ ప్రవేశాలు. బి.ఎఫ్.ఎ.కి ఆ యూనివర్సిటీ పెట్టే పరీక్ష వేరే రాయాలి. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీకి 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష. అహ్మదాబాద్ ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) నాలుగేళ్ల బి.డిజైన్‌లో ఫిల్మ్ అండ్ వీడియో కమ్యూనికేషన్ ఉంది, దానికి పోటీ మామూలుగా ఉండదు. ప్రవేశ పరీక్షలో మార్కుల కన్నా మీరు లోకాన్ని ఎలా చూస్తారన్నది పరీక్షిస్తారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఎన్ఐడీ, సీయూఈటీ దరఖాస్తులు ఇంటర్ ఫలితాల కంటే ముందే ముగుస్తాయి. ఫలితాలు వచ్చాక ఆలోచిద్దాంలే అనుకుంటే మిగిలేవి దోస్త్ లాంటి ప్రవేశాలు, ప్రైవేటు సీట్లే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా?

గుర్తింపు ఉన్న యూనివర్సిటీ కింద, ప్రభుత్వ ప్రవేశ విధానంలో వచ్చిన డిగ్రీ సీటైతే మిగతా డిగ్రీలకు ఉన్న నిబంధనలే దీనికీ ఉంటాయి. తెలంగాణలో ఈపాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్ల డిప్లొమాలకు, సర్టిఫికెట్ కోర్సులకు అది ఆశించొద్దు. అక్కడ ఫీజు లక్షల్లో ఉంటుంది. చేరేముందు "ఈ సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరుంటుంది?" అని అడగండి. "ఇంటర్నేషనల్ అఫిలియేషన్ ఉందండీ" అని సమాధానం వస్తే యూనివర్సిటీ పేరు రాతపూర్వకంగా ఇమ్మనండి.

మంచి కాలేజీ అని ఎలా తెలుస్తుంది?

చాలామంది చూసేది స్టూడియో. గ్రీన్ మ్యాట్, మెరిసే లైట్లు, మూడు కెమెరాలు, గోడమీద సినిమా వాళ్ల ఫొటోలు. అమ్మానాన్నలకు టూర్ తిప్పేటప్పుడు అన్నీ వెలుగుతూనే ఉంటాయి. నేనైతే ఎక్విప్‌మెంట్ రూమ్‌కి వెళ్లి ఇష్యూ రిజిస్టర్ చూపించమంటాను.

కెమెరా ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు, లెన్స్ మూత ఉందా లేదా అని రాసుకునే పుస్తకం అది. బాగా నడిచే డిపార్ట్‌మెంట్‌లో ఆ పుస్తకం అంచులు నలిగిపోయి ఉంటాయి. శనివారం సాయంత్రం తీసుకుని సోమవారం పొద్దున ఇచ్చిన ఎంట్రీలు కనిపిస్తాయి, "బ్యాటరీ ఒకటి వీక్" అని ఎర్ర సిరాతో రాసిన రిమార్కులు కనిపిస్తాయి. రిజిస్టర్ కొత్తగా, తెల్లగా ఉందంటే కెమెరాలు బీరువాలోనే ఉన్నట్టు లెక్క. ఖరీదైన కెమెరా కొన్న కాలేజీ, అది పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో దానికి తాళం వేయడం మన దగ్గర మామూలే. అలాంటి చోట లక్షల కెమెరా కన్నా ధైర్యంగా చేతికిచ్చే పాత కెమెరాలు నాలుగు ఉండటం నయం.

తర్వాత ఎడిటింగ్ ల్యాబ్. ఎన్ని కంప్యూటర్లున్నాయో అందరూ చెప్తారు, ఎన్ని గంటలదాకా తెరిచి ఉంటుందో అడగండి. నాలుగున్నరకు అటెండర్ తాళం తీసుకుని నిలబడే ల్యాబ్‌లో ఎడిటింగ్ నేర్చుకోవడం కష్టం.

ఆఖరుది అన్నిటికన్నా ముఖ్యం. గత ఏడాది ఫైనల్ ఇయర్ పిల్లలు తీసిన ఫిల్ములు చూపించమనండి. బహుమతి వచ్చిన ఒక్కటి చూపిస్తే సరిపోదు, నాలుగైదు చూడాలి. మీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. మాట స్పష్టంగా వినపడుతోందా? ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి వెళ్లినప్పుడు వెనకాల శబ్దం గభాలున మారిపోతోందా? బొమ్మ బాగుండి మాట వినపడకపోతే ఆ కాలేజీలో కెమెరా మాత్రమే నేర్పుతున్నారని అర్థం. క్యాంటీన్‌లో కూర్చున్న రెండో ఏడాది పిల్లల్ని కూడా పలకరించండి. బ్రోషర్‌లో లేని సంగతులన్నీ పది నిమిషాల్లో చెప్పేస్తారు.

మొదటి ఏడాదే కెమెరా చేతికిస్తారా?

కొన్నిచోట్ల ఇస్తారు. ఎక్కువచోట్ల మొదటి రెండు సెమిస్టర్లలో కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, రాత, స్టిల్ ఫొటోగ్రఫీ, ఇంగ్లిష్, రెండో భాష ఉంటాయి. మూడో సెమిస్టర్ నుంచి వీడియో, ఆడియో, ఎడిటింగ్ వస్తాయి. ఐదు, ఆరులో ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో తెచ్చిన డిగ్రీ విధానంలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు, ప్రొడక్షన్ పిల్లలకు అది వరం లాంటిది. మీ బ్యాచ్‌కి ఎన్ని నెలలో కాలేజీలో కనుక్కోండి.

సిద్ధాంతం అంటే విసుక్కునేవాళ్లకు ఒక చిన్న ఉదాహరణ. ట్యూబ్‌లైట్ కింద తీసిన వీడియోలో నల్లటి పట్టీలు కిందికీ పైకీ పాకుతూ ఉంటాయి, చూసే ఉంటారు. కెమెరా పాడైందనుకుంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఆ లైటు సెకనుకి 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. షటర్ స్పీడ్, అంటే ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుగు తీసుకునే సమయం, సెకనులో 1/60 వంతు పెడితే ఆ లయతో కలవదు. 1/50 గానీ 1/100 గానీ పెడితే పట్టీలు పోతాయి. సెకనుకి 25 ఫ్రేముల్లో తీస్తూ 1/50 షటర్ పెట్టడం మన దగ్గర అలవాటు కావడానికి ఇదొక కారణం. అమెరికా వాళ్ల వీడియో పాఠాలు చూసి 1/60 పెట్టుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్ మరి. ఇంటర్ ఫిజిక్స్‌లో ఏసీ చాప్టర్ ఊరికే పోలేదన్నమాట.

కెమెరా కొనాలా? నాన్న లక్ష రూపాయలు ఇస్తానంటున్నారు.

వద్దు. కనీసం మొదటి ఏడాది వద్దు.

ముందు చెవులు మొత్తం కప్పే వైర్ ఉన్న హెడ్‌ఫోన్స్ కొనుక్కోండి. ఆ తర్వాత హార్డ్ డిస్కులు, ఒకటి కాదు, రెండు. 4కె వీడియో సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున రికార్డయితే నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ అవుతుంది. రెండు రోజుల షూటింగ్‌కి ల్యాప్‌టాప్ నిండిపోతుంది. ఫుటేజ్ ఎప్పుడూ రెండు చోట్ల ఉండాలి, రెండూ ఒకే బ్యాగ్‌లో ఉండకూడదు. మెమరీ కార్డు ఖాళీ చేసేముందు కాపీ చేసినవి తెరిచి చూసుకోవాలి. ఈ ఒక్క అలవాటు లేక రీషూట్‌కి వెళ్లిన బృందాలు ఎన్నో.

ల్యాప్‌టాప్ తప్పదు. 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే డిగ్రీ మొత్తం లాగించొచ్చు. అంతకన్నా తక్కువ ఉన్నా ప్రాక్సీలు చేసుకుని, అంటే ఫుటేజ్‌కి చిన్న సైజు నకళ్లు తయారుచేసుకుని, వాటి మీద ఎడిట్ చేయొచ్చు. డబ్బు ఇంకా మిగిలితే మైకు కొనండి. కెమెరాకి కాలేజీది ఉంది, మీ ఫోన్ ఉంది, అద్దెకిచ్చే షాపులున్నాయి.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో డిగ్రీ పనంతా అయిపోతుంది. చానెళ్లలో, యూట్యూబ్ కంపెనీల్లో ప్రీమియర్ ప్రో ఎక్కువ. ఒకటి బాగా వస్తే రెండోది పట్టుబడటానికి ఎక్కువ రోజులు పట్టదు. క్రాక్ వెర్షన్ల జోలికి పోవద్దు, ప్రాజెక్టు సబ్మిషన్ ముందురోజే అవి మొండికేస్తాయి.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి తెలుగు టైటిళ్లు. "శ్రీకృష్ణ" అని టైప్ చేస్తే వత్తులు విడిపోయి, గుడులు పక్కకి జారి, పొల్లులతో ఏదో వచ్చి కూర్చుంటుంది. ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ సెట్టింగుల్లోకి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్ అన్నదానికి మార్చి, కొత్త టెక్స్ట్ లేయర్ వేస్తే సరిపోతుంది. ఫాంటు యూనికోడ్‌దై ఉండాలి. మండలి, రామభద్ర, ధూర్జటి లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు, వాట్సాప్‌లో వచ్చిన మేటర్‌ని వాటిలో పేస్ట్ చేస్తే ఏదీ సరిగ్గా రాదు. తెలుగు చానెల్‌కి ఇంటర్న్‌షిప్‌కి వెళ్లినప్పుడు ఇది తెలిసిన పిల్లకి మొదటి రోజే పేరొస్తుంది.

మీరు సౌండ్ గురించి ఎక్కువ చెప్తున్నారు. ఎందుకు?

నా సబ్జెక్టు కాబట్టి కొంత అనుకోండి. అసలు కారణం వేరే ఉంది. తెలుగు సినిమాలో మాటలు చాలావరకు తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పించడం అలవాటు. దాంతో పిల్లలకు కూడా లొకేషన్ సౌండ్, అంటే షూటింగ్ చోటే రికార్డు చేసే శబ్దం, అంటే చులకన. కానీ డబ్బింగ్ థియేటర్ అద్దె స్టూడెంట్ ఫిల్మ్ బడ్జెట్‌లో ఎక్కడ సరిపోతుంది? డాక్యుమెంటరీలో అయితే మనిషి ఏడుస్తూ చెప్పిన మాటని మళ్లీ చెప్పించలేం కూడా.

ఒక ఇంట్లో సీన్ తీస్తున్నారనుకోండి. మే నెల. ముందు ఫ్యాన్ ఆపాలి, తర్వాత కూలర్, తర్వాత ఫ్రిజ్. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టేయండి, వెళ్లేటప్పుడు దాన్ని మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు, లేకపోతే ఆ ఇంటి పాలు విరిగిపోతాయి. పక్కింట్లో కుక్కర్ ఎన్ని కూతలకు ఆగుతుందో కనుక్కోండి. వీధిలో కూరగాయల బండి మైకు ఏ టైమ్‌కి వస్తుందో ముందురోజే చూసుకోండి. నటుల నుదుటి మీద చెమట తుడిచి టేక్‌కి వెళ్లండి. సీన్ అయిపోయాక ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా అర నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. దాన్ని రూమ్ టోన్ అంటారు. ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య ఖాళీలు పూడ్చడానికి అదే దిక్కు. ఆ అర నిమిషం యూనిట్‌ని నిశ్శబ్దంగా నిలబెట్టగలిగిన పిల్లవాడు ఇంకేదైనా చేయగలడు.

మార్కెట్‌లో కూడా కెమెరామెన్లకు కొదవలేదు, లొకేషన్ సౌండ్ బాగా తీసేవాళ్లకు కొరత ఉంది.

తెలుగు మీడియంలో చదివాను. నెగ్గుకురాగలనా?

రాగలరు. పరీక్షల్లో ఇంగ్లిష్ కొంత ఇబ్బంది పెడుతుంది, మొదటి ఏడాది కూర్చుని చదవాలి. సాఫ్ట్‌వేర్ మెనూలు, కెమెరా మాన్యువల్ ఇంగ్లిషే. స్క్రిప్టు రాతలో మాత్రం మీదే పైచేయి. ఇంగ్లిష్‌లో ఆలోచించి తెలుగులోకి మార్చిన డైలాగ్ నటుడి నోట్లో తిరగదు. మీ ఊరి యాసలో రాయగలగడం ఇప్పుడు లోటు కాదు, సినిమాల్లోనూ వెబ్ సిరీస్‌లలోనూ తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసలు రాయగలిగేవాళ్ల కోసం వెతుకుతున్నారు.

గ్రూప్ ప్రాజెక్టుల్లో గొడవలు అవుతాయట?

అవుతాయి. ఆరుగురి బృందంలో ఐదుగురు డైరెక్టర్లు. ఆరోవాడు హీరో. కెమెరా మోసేవాళ్లుండరు.

దీనికి నేను పెట్టే షరతు ఒకటే. షూటింగ్‌కి ముందే కాగితం మీద ఎవరు ఏం చేస్తారో రాసి అందరూ సంతకాలు పెట్టాలి, తర్వాతి ప్రాజెక్టులో పనులు మారాలి. డైరెక్షన్ చేసినవాడు వచ్చే సెమిస్టర్‌లో ప్రొడక్షన్ మేనేజర్. లొకేషన్ పర్మిషన్ కోసం తిరగడం, భోజనాలు తెప్పించడం, ఆర్టిస్టుని ఇంటి దగ్గర దింపడం ఒక్కసారి చేస్తే డైరెక్టర్‌గా మారాక "ఇంకో టేక్" అనేముందు టైమ్ చూసుకుంటారు. స్నేహితులు విడిపోయిన సందర్భాలూ ఉన్నాయి, అబద్ధం చెప్పను.

షూటింగ్‌ల కోసం క్లాసులు పోతే హాజరు ఎలా?

యూనివర్సిటీ హాజరు నిబంధన అందరికీ ఒకటే. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో ఆన్‌డ్యూటీ లెటర్ తీసుకునే వెళ్లండి. వెళ్లొచ్చాక అడిగితే ఇవ్వరు.

ప్రాజెక్టులో సినిమా పాటలు వాడుకోవచ్చా?

క్లాసులో చూపించి మార్కులు తెచ్చుకునే వరకు ఎవరూ పట్టించుకోరు. యూట్యూబ్‌లో పెట్టిన గంటలోనే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. ఫిల్మ్ ఫెస్టివల్‌కి పంపితే సంగీతం హక్కులు మీవేనా అని దరఖాస్తులోనే అడుగుతారు. ఫిల్మ్ ఎంత బాగున్నా అక్కడే ఆగిపోతుంది.

"అన్నమయ్య కీర్తనకి కాపీరైట్ ఏంటి సార్?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్నే. మన చట్టంలో రచనకి హక్కు రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు. అన్నమయ్య 1503లో, త్యాగయ్య 1847లో పోయారు, కాబట్టి ఆ సాహిత్యం అందరిదీ. కానీ ఈరోజు మనం పాడుకునే అన్నమయ్య కీర్తనల్లో చాలావాటికి వరసలు కట్టింది 20వ శతాబ్దపు సంగీతకారులు. ఆ వరస మీద హక్కు ఇంకా ఉండొచ్చు. దాన్ని పాడి రికార్డు చేసిన ఆల్బమ్ మీద హక్కు ఇంకొకటి, రికార్డు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. అంటే మీ క్లాస్‌మేట్ చేత త్యాగరాజ కృతిని పాడించి రికార్డు చేసుకుంటే సమస్య లేదు, పేరున్న విద్వాంసుల ఆల్బమ్ నుంచి కత్తిరిస్తే సమస్యే. కాలేజీలో వీణ వాయించేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు ఉంటారు, వాళ్లని వెతకండి.

చార్మినార్ దగ్గర, మెట్రోలో షూట్ చేయొచ్చా?

చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ కిందివి. ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఏమీ అనరు, ట్రైపాడ్ నిలబెడితే అనుమతి కాగితం అడుగుతారు. మెట్రోకి విడిగా అనుమతి కావాలి. డ్రోన్ ఎగరేయాలంటే ముందు డిజిటల్ స్కై అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాప్‌లో ఆ ప్రాంతం ఏ రంగులో ఉందో చూడాలి. అసలు డిగ్రీ ప్రాజెక్టుకి డ్రోన్ షాట్ ఎందుకో నాకు అర్థం కాదు. కథ లేనప్పుడు కెమెరా పైకెళ్తుంది.

ఉద్యోగాలు ఏముంటాయి?

న్యూస్ చానెల్లో వీడియో ఎడిటర్, పీసీఆర్‌లో (ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్) ప్యానెల్ మీద, ప్రొడక్షన్ అసిస్టెంట్‌గా. యూట్యూబ్ కంపెనీల్లో, యాడ్ ఏజెన్సీల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల అంతర్గత వీడియో టీముల్లో. పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోల్లో, విఎఫ్ఎక్స్‌లో, ఆటల పోటీల ప్రసారాల్లో. పెళ్లి వీడియోలు కూడా. పెళ్లి వీడియో అనగానే మొహం ముడుచుకునేవాళ్లను చూస్తుంటాను. తలంబ్రాల టైమ్‌లో రెండో టేక్ ఉండదు, చీకటి మండపంలో ఎర్ర లైట్ల కింద చర్మం రంగు సరిగ్గా రావాలి, డోలు సన్నాయి పక్కన పంతులుగారి మంత్రం వినపడాలి. అక్కడ నిలదొక్కుకున్నవాళ్లు ఎక్కడైనా పనికొస్తారు, పైగా సీజన్‌లో చేతికి డబ్బు వస్తుంది.

మొదటి జీతం గురించి ఆశలు పెట్టుకోవద్దు. ఇంజనీరింగ్ క్యాంపస్ ప్లేస్‌మెంట్లతో పోల్చుకుంటే దిగులే మిగులుతుంది. ఇంటర్వ్యూలో మార్కుల లిస్టు కన్నా షోరీల్, అంటే మీ పనుల్లో మంచి ముక్కలు కలిపిన వీడియో, అడుగుతారు. రెండు నిమిషాలు దాటొద్దు, అందులో మీరు చేసింది ఏదో స్పష్టంగా రాయండి. నలుగురు కలిసి తీసిన ఫిల్మ్‌ని నలుగురూ "నేనే ఎడిట్ చేశా" అని ఒకే కంపెనీకి పంపడం కూడా జరుగుతుంది.

డిగ్రీ ఉంటే సినిమాల్లోకి నేరుగా వెళ్లొచ్చా?

నేరుగా దారి లేదు. తెలుగు సినిమాలో 24 క్రాఫ్ట్స్‌కి, అంటే కెమెరా, ఎడిటింగ్ లాంటి పని విభాగాలకి, విడివిడి యూనియన్లున్నాయి, వాటన్నిటి మీద ఫెడరేషన్ ఉంది. డిగ్రీ చూపిస్తే యూనియన్ కార్డు ఇవ్వరు. సభ్యత్వానికి నియమాలున్నాయి, కట్టాల్సిన డబ్బూ చిన్నది కాదు. యూనియన్ల బలం ఎంతో తెలియాలంటే 2025 ఆగస్టు గుర్తుచేసుకోండి, 30 శాతం వేతనాలు పెంచాలని ఫెడరేషన్ పట్టుబడితే షూటింగులు ఆగిపోయాయి.

డిగ్రీ పిల్లలు ఎక్కువగా అసిస్టెంట్ డైరెక్టర్‌గానో, ఎడిటింగ్ రూమ్‌లో అసిస్టెంట్‌గానో మొదలవుతారు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది, బేటా (రోజువారీ భత్యం) మీద బతుకు, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూపు. వెబ్ సిరీస్‌లు, ఇండిపెండెంట్ ఫిల్ములు వచ్చాక దారులు కొంచెం వెడల్పయ్యాయి. ఇంట్లో రెండేళ్లు డబ్బు పంపకపోయినా నడుస్తుందా లేదా అన్నది తల్లిదండ్రులతో ముందే మాట్లాడుకోండి. ప్రతిభ ఉండి వెనక్కి వెళ్లినవాళ్లలో చాలామంది ఈ ఒక్క కారణంతోనే వెళ్లారు.

ఆడపిల్లని ఈ లైన్‌లోకి పంపొచ్చా?

ఈ ప్రశ్న అడిగే తండ్రుల్ని నేను తప్పుపట్టను. రాత్రి షిఫ్టులుంటాయి, ఔట్‌డోర్‌లుంటాయి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, కాలేజీలోనూ ఉండాలి. ఇంటర్న్‌షిప్‌కి పంపేముందు ఆ కమిటీలో ఎవరున్నారో, రాత్రి ఇంటికి వాహనం ఇస్తారో లేదో కాలేజీ చేతే అడిగించండి. ఎడిటింగ్, సౌండ్, యానిమేషన్, స్క్రిప్టు విభాగాల్లో అమ్మాయిలు బాగా పెరిగారు. కెమెరా, లైటింగ్‌లో ఇంకా తక్కువే.

ఆడవాళ్లు ఈ పని చేయగలరా అన్న సందేహం ఉంటే జహీరాబాద్ దగ్గర మాచనూరు వెళ్లి చూడొచ్చు. అక్కడ 2008లో మొదలైన సంఘం రేడియో అనే కమ్యూనిటీ రేడియోని నడిపింది ఆ చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళలు. ఆ రేడియోని పెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని ఆడవాళ్లు వీడియో కెమెరాలు పట్టి వ్యవసాయం మీద ఫిల్ములు తీశారు. పొలం పని చేసుకుంటూనే నేర్చుకున్నారు.

యూట్యూబ్‌లోనే అన్నీ ఉన్నాయి కదా, మూడేళ్లు డిగ్రీ ఎందుకు?

బటన్లు నేర్చుకోవడానికైతే అక్కర్లేదు. డిగ్రీలో దొరికేవి మూడు: గడువు, బృందం, నీ పనిని మొహం మీదే బాగాలేదనే మనిషి. ఇంట్లో కూర్చుని నేర్చుకునేవాళ్లు సగం ఎడిట్ చేసిన ఫిల్ముల్ని హార్డ్ డిస్క్ నిండా దాచుకుంటారు. ఈ మూడూ మీ కాలేజీలో లేకపోతే మాత్రం యూట్యూబే నయం, కనీసం ఫీజు మిగులుతుంది.

ఏఐ వచ్చాక ఈ చదువు పనికొస్తుందా?

కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్న పనుల్ని అది తినేస్తోంది: ఇంటర్వ్యూలు వింటూ టైప్ చేయడం, సబ్‌టైటిల్ మొదటి డ్రాఫ్టు, బ్యాక్‌గ్రౌండ్ శబ్దం తీసేయడం. తెలుగులో, ముఖ్యంగా యాసల్లో, అది చేసే తప్పుల్ని దిద్దడానికి ఇంకా మనిషి కావాలి. ఎన్నాళ్లు అని అడిగితే నా దగ్గర జాతకం లేదు. ఓ ముసలాయన చేత తన ఊరు మునిగిపోయిన కథ చెప్పించుకోవాలంటే ఆయన అరుగు మీద కూర్చోవాల్సింది మీరే.

తర్వాత పీజీ ఎక్కడ?

పుణేలో ఎఫ్‌టిఐఐ ఉంది, 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో పెట్టారు. కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏ డిగ్రీ అయినా ప్రవేశ పరీక్ష రాయొచ్చు, పైన చెప్పిన సౌండ్ షరతు లాంటివి చూసుకోవాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ కింద కమ్యూనికేషన్ ఎం.ఎ. ఉంది, క్యాంపస్‌లోనే బోల్ హైదరాబాద్ అనే కమ్యూనిటీ రేడియో నడుస్తుంది. జర్నలిజం వైపు మళ్లాలనుకుంటే ఢిల్లీ ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్).

మధ్యలో నచ్చకపోతే? గవర్నమెంట్ ఉద్యోగాలకు పనికొస్తుందా?

గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీ అయితే గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకు మిగతా బి.ఎ.ల మాదిరే పనికొస్తుంది. ఒప్పుకోని నాన్నకి మొదట చెప్పాల్సింది ఈ వాక్యమే.

కాలేజీ తెరిచేలోపు ఏం చేయమంటారు?

మీ ఇంట్లోనో వీధిలోనో చేతిపని చేసే ఒకరిని ఎంచుకోండి: దర్జీ, ఇస్త్రీ బండి ఆయన, పూలు కట్టే ఆవిడ ఎవరైనా సరే. వాళ్లని అడిగి, ఒప్పుకున్నాక, ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని వాళ్ల పని మొదటినుంచి చివరిదాకా తీయండి. చేతులు దగ్గరగా, మనిషి దూరంగా, చుట్టూ ఉన్న చోటు ఇంకా దూరంగా. మాటలొద్దు, పాట వద్దు, ఆ పని శబ్దాలే ఉండాలి. రెండు నిమిషాలకు ఎడిట్ చేసి ముందు వాళ్లకే చూపించండి. "ఇది ముందు చేస్తాం, అది తర్వాత" అని వాళ్లు సరిదిద్దుతారు. దాని ప్రకారం మళ్లీ ఎడిట్ చేయండి. చేరిన మొదటి వారంలో దాన్ని మీ ఎడిటింగ్ మేడమ్‌కో సార్‌కో చూపిస్తే, ల్యాబ్ తాళం అడిగే చనువు వస్తుంది.